తీగలేని మాటకు వంతుల కట్టుబాటు

నీరు కొరవడిన సీమలో పుట్టినవారికి వంతు అను మాట యొక్క విలువను ఎవ్వరును నేర్పనక్కరలేదు. మన అనంతపురపు పీఠభూమిని కురియు వాన సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఇట్టిచోట చెరువు నిండినప్పుడు ఆ నీటిని ఆయకట్టు పొలములకు పంచుటకై మన పూర్వులు నీరుగంటి అనువానిని నియమించుకొనిరి. ఏ తూము ఎప్పుడెత్తవలెనో, ఏ మడికి ఎంతసేపు నీరు పారవలెనో, ఆతడు నిర్ణయించువాడు. అన్నదమ్ముల ఉమ్మడి బావికి నీరుగంటి లేకున్నను, వారు దినములను పంచుకొని మోట తోలుకొనుచుండిరి. ఒకని వంతున మరియొకడు ఎద్దులను కట్టినచో తగవు పుట్టును; తగవు తీరులోపల ఇద్దరి పైరును ఎండును.

కంటికి కానరాని మరియొక ఉమ్మడి సొత్తు నేడు మన తలలపై నున్నది. అది రేడియో తరంగములు సంచరించు ఆకాశము. దానిని నీటివలె కడవతో ముంచి కొలిచి చూపలేము. అయినను అదియు పరిమితమే. ఒక ప్రాంతమున, ఒక తరంగమార్గమున, ఒక సమయమున ఒకరు మాత్రమే పలుకవలెను. ఇద్దరు పలికినచో వినువానికి రెండు మాటలును చెడును. అట్టి మార్గమును పదులకొలది యంత్రములు, తమపై ఏ పెద్దయు లేకుండ, తమలో తామెట్లు పంచుకొనగలవు? ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు అర్ధశతాబ్దికి పైగా వెదకిన సమాధానములను విద్యార్థులకును వారి తలిదండ్రులకును బోధపడునట్లు ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

ఇది పండితుల వినోదము మాత్రమే కాదు. వేరుసెనగకు ఊడలు దిగి కాయ ఊరు దినములలో నేలలోని తేమ ఎంత యున్నదో రైతునకు సకాలమున తెలియవలెను. తేమను కొలుచు చిన్న యంత్రమును పొలమున నాటవచ్చును. అది తన కొలతను రేడియో మూలమున ఊరికి పంపగలదు. కాని ఆ వార్త త్రోవలో వేరొక వార్తతో ఢీకొని నశించినచో, కొలిచియు ప్రయోజనము లేదు. మూడు దినముల వెనుక చేరిన వార్త ఎండిన పైరునకు తడి పెట్టదు. కావున యంత్రములు వంతు తప్పక పలుకుట రైతు కుటుంబమునకు కూటి విషయమే యగును.

పెద్ద లేని వల

మన చేతి టెలిఫోను నగరమందలి స్తంభముతో మాటలాడును. ఏ ఫోను ఏ క్షణమున ఏ మార్గమున పలుకవలెనో ఆ స్తంభమే ఆజ్ఞాపించును. కావున స్తంభమును రేడియో ప్రపంచపు నీరుగంటి యనవచ్చును. కాని స్తంభము లేని చోట్లు కలవు. ఉన్నను తుపానులోనో భూకంపములోనో కూలిన చోట్లును కలవు. అట్టి తావులందు యంత్రములు తమ పొరుగు యంత్రములను తామే కనుగొని, ఒకదాని వార్తను మరియొకటి అందుకొని, చేతికి చేతికి మార్చి గమ్యమునకు చేర్చును. ఇట్లు అప్పటికప్పుడు ఏర్పడు వలను ఇంగ్లీషున అడ్‌హాక్ నెట్‌వర్కు అందురు. అమెరికా రక్షణశాఖ పరిశోధన విభాగము వారు 1973 ప్రాంతమున ఆరంభించిన పాకెట్ రేడియో ప్రయత్నము ఇట్టి వలలకు మూలపురుషుని వంటిది.

ఈ వలయందు మూడు కష్టములు కలవు. మొదటిది, పలుకుచున్న యంత్రము అదే మార్గమున అదే క్షణమున వినజాలదు. దాని గొంతు దాని చెవికి, దూరమునుండి వచ్చు సన్నని ధ్వనికంటె లక్షల రెట్లు బిగ్గరగా నుండును. రెండవది, ఒక యంత్రము చెంతకు ఇద్దరు పొరుగువారి మాటలు ఒకేసారి వచ్చినచో రెండును కలగాపులగమగును. మూడవది, ఒక్కొక్క యంత్రమునకు తన పొరుగువారు మాత్రమే తెలియుదురు. వల యంతయు ఎట్లున్నదో దేనికిని తెలియదు.

తోచినప్పుడు పలుకుట

మొట్టమొదట జనులు ప్రయోగించినది మిక్కిలి సులభమైన పద్ధతి. హవాయి ద్వీపములు సముద్రముచే వేరుపడి యున్నవి. అచ్చటి విశ్వవిద్యాలయమున నార్మన్ అబ్రామ్సన్ అను ఆచార్యుడును ఆయన సహచరులును 1971లో అలోహా అను రేడియో వలను నడపిరి. వార్త గలవాడు వెంటనే పంపును. చేరినట్లు మారుమాట రానిచో కొంతసేపు ఆగి మరల పంపును. అందరు ఒకే వ్యవధి ఆగినచో మరల ఢీకొందురు గనుక, ఎంతసేపు ఆగవలెనో ఒక్కొక్కరు చీటి వేసినట్లు యాదృచ్ఛికముగ నిర్ణయించుకొందురు.

పలుకువారు కొలదిమందియైనప్పుడు ఇది చక్కగా సాగును. జనము పెరిగినకొలది ఘర్షణలు పెరుగును. లెక్క కట్టి చూడగా, ఈ పద్ధతిని మార్గపు కాలములో నూటికి 18 పాళ్లకు మించి సద్వినియోగమగుట అసాధ్యమని తేలినది. కాలమును సమానమైన గడులుగ విభజించి, గడి ఆరంభముననే పలుకవలెనను నియమము పెట్టినచో, ఆ ఫలము రెట్టింపై 37 పాళ్లకు చేరును. లారెన్స్ రాబర్ట్సు ఈ సవరణను 1972లో సూచించెను. కారణము తేలికయే. నియమము లేనప్పుడు ఒక వార్తకు ముందు కొంతకాలమున బయలుదేరినదియు, తరువాత బయలుదేరినదియు దానికి తగులును. గడులున్నప్పుడు అదే గడియందు బయలుదేరినది మాత్రమే తగులును, అపాయకాలము సగమగును. అయినను నూటికి 63 పాళ్లు వ్యర్థమే. నీటిని ఇంతగా పోనాడుకొను చెరువును మన సీమలో ఎవ్వరు సహింతురు?

విని పలుకుట, కొండ అడ్డు వచ్చుట

పిమ్మట మరియొక పద్ధతి వచ్చెను. పలుకుటకు ముందు చెవి యొగ్గి, ఎవరైన పలుకుచున్నచో ఆగుట. పెద్దల సభలో మనము పాటించు మర్యాదయు ఇదియే. 1975లో లియొనార్డు క్లైన్రాకు, ఫవాద్ తొబాగి యనువారు దీని గుణదోషములను లెక్కలతో నిరూపించిరి. వారే దీని పెద్ద లోపమునుగూడ బయటపెట్టిరి.

ఆ లోపమును మన సీమ దృష్టాంతముతో చెప్పెదము. పెనుకొండ వంటి ఒక కొండకు ఈవల నొక పల్లె, ఆవల నొక పల్లె, శిఖరమున నొక కావలివాడు ఉన్నారనుకొందము. ఇరుపల్లెలవారును శిఖరమునకు వార్త పంపగలరు. కాని కొండ అడ్డమగుటచే ఒకరి మాట మరియొకరికి వినబడదు. ఈవలివారు చెవి యొగ్గి, ఎవ్వరును పలుకుట లేదని తలచి పలుకుదురు. ఆవలివారును అట్లే చేయుదురు. ఇద్దరును మర్యాద తప్పలేదు. కాని శిఖరముననున్న వానికి ఒక్క మాటయు తెలియదు. వినవలసినది పలుకువాని చెంత కాదు, వినువాని చెంత. ఈ రహస్యమే ఈ శాస్త్రమునకు తాళపుచెవి.

దీనికి 1990లో ఫిల్ కార్న్ అను రేడియో అభిమాని ఒక ఉపాయము వ్రాసెను. పలుకగోరువాడు ముందుగా "పలుకవచ్చునా" యని చిన్నవార్త పంపవలెను. వినవలసినవాడు "పలుకుము" అని సెలవియ్యవలెను. ఆ సెలవును విన్న ఇతరులందరు అంతవరకు మౌనముగ నుండవలెను. కొండకు ఆవలివారికి ప్రశ్న వినబడకున్నను జవాబు వినబడును గదా! 1997లో వెలువడిన వైఫై నిబంధనలయందు ఇట్టి ఏర్పాటు చేరినది. వార్త పెద్దదైనప్పుడు ఇది మేలు. తేమ కొలత వంటి చిన్నవార్తకు మాత్రము అనుమతి అడుగు ఖర్చే వార్త ఖర్చంత యగును.

విని పలుకు పద్ధతికి మరియొక లోపము కలదు. అది న్యాయమునకు సంబంధించినది. మూడు యంత్రములు వరుసగా నున్నవనుకొందము. నడిమి యంత్రమునకు ఇరువైపుల పొరుగువారు వినబడుదురు. చివరి రెండింటికి ఒకదాని మాట మరియొకదానికి వినబడదు. చివరివి రెండును తరచు పలుకుచుండగా, ఒకటి ఆగినప్పుడు రెండవది పలుకుచుండును. రెండును ఒకేసారి మౌనము వహించిన క్షణము దొరకిననేగాని నడిమి యంత్రమునకు అవకాశము రాదు. ఎవ్వరును అన్యాయము తలపెట్టలేదు. అయినను ఒకడు పస్తుండును. కాలువ తలకట్టు రైతులు దుర్మార్గులు కాకున్నను చివరి మడి ఎండుచుండుట మన ఎరుకలోని సంగతియే. మంచితనము మాత్రమే చాలదు, కట్టుబాటు కావలెను.

వంతుల లెక్క

ఆ కట్టుబాటే వంతుల పట్టిక. కాలమును గడులుగ విభజించి, కొన్ని గడులను ఒక చుట్టుగ చేసి, ప్రతి యంత్రమునకు చుట్టులో ఒక గడిని ఇయ్యవలెను. ఎవరి గడిలో వారే పలుకవలెను. యంత్రములు ఎన్ని యున్నవో అన్ని గడులు పెట్టినచో ఘర్షణ ఎన్నటికిని రాదు. కాని వల పెద్దదైనకొలది ఒక్కొక్కరికి వంతు వచ్చుట ఆలస్యమగును. దూరముగ నున్న ఇద్దరు ఒకేసారి పలికినను ఎవరికిని నష్టము లేదు గనుక, ఒకే గడిని వారిద్దరికి ఇయ్యవచ్చును. ఎంత దూరమున నున్నవారికి ఇయ్యవచ్చును? పొరుగువారికి ఒకే గడి కూడదు. ఒకే పొరుగువాడు గల ఇద్దరికిని కూడదు. ఆ నడిమివానికి రెండు మాటలును కలియును. అంతకు దూరముననున్న వారికి ఇయ్యవచ్చును. నియమ మింతియే.

ఒక ఉదాహరణము చూతము. ఒక వంక ఒడ్డున ఆరు బావులు వరుసగా నున్నవి. ప్రతి బావిచెంత నీటిమట్టమును కొలుచు యంత్రము కలదు. మొదటి బావికి దగ్గరగా రైతుల గది యున్నది. ప్రతి యంత్రమునకు తన ప్రక్క యంత్రము మాత్రమే వినబడును. ఆరు కొలతలును గదికి చేరవలెను. ఆరవ బావి వార్త ఐదవదానికి, అది నాల్గవదానికి, ఇట్లు ఆరు చేతులు మారవలెను, ఐదవది ఐదు చేతులు, మొదటిది ఒకటే. మొత్తము 6, 5, 4, 3, 2, 1 కూడగా 21 మార్పులు. ఒక్కసారి ఒక్కరే పలుకవలెనన్నచో 21 గడులు పట్టును.

ఇక మూడు గడుల చుట్టు వేయుదము. మొదటి గడి 1, 4 సంఖ్యల బావులకు. రెండవది 2, 5 సంఖ్యలకు. మూడవది 3, 6 సంఖ్యలకు. ఏ ఇద్దరు ఒకే గడిని పలికినను వారి నడుమ ఇద్దరున్నారు. కావున కలియు భయము లేదు. చుట్టునకు ఒకటి చొప్పున మొదటి యంత్రము గదికి వార్త నిచ్చుచుండును. మొదటి చుట్టున తన వార్త, రెండవ చుట్టున రెండవ బావిది, ఇట్లు ఆరవ చుట్టు మొదటి గడియందు ఆరవ బావి వార్త గదికి చేరును. ఐదు చుట్టులకు 15 గడులు, పైన ఒకటి, వెరసి 16 గడులు. 21కి మారుగా 16. బావులు పన్నెండైనచో ఒక్కొక్కరుగ పలుకుటకు 78 గడులు కావలెను. మూడు గడుల చుట్టుతో 34 చాలును.

ఇంకను తగ్గింపవచ్చునా యని తెలివిగల బాలు డడుగును. గదికి దగ్గరనున్న 1, 2, 3 యంత్రములలో ఏ రెండును ఒకేసారి పలుకరాదు. పన్నెండు బావులున్నప్పుడు ఆ మూడును వరుసగా 12, 11, 10 వార్తలను పంపవలసియున్నవి. అవి కూడగా 33. కావున 33 గడులకు తక్కువగా ఎంతటి పండితుడును చేయజాలడు. మన పట్టిక దానికి ఒక్క గడి మాత్రమే ఎక్కువ.

దీనిని ఆటస్థలమునందే పరీక్షింపవచ్చును. ఏడుగురు వరుసగా నిలువవలెను. చివరివాడు గది, తక్కిన ఆరుగురి చేతులలో ఒక్కొక్క చీటి. ఒకడు ఒకటి, రెండు, మూడు అని మరల మరల లెక్కించుచుండగా, తమ అంకె పలికినప్పుడు మాత్రమే ఒక్క చీటిని, ముందుగా చేరినదానిని ముందుగా, గదివైపునకు అందింపవలెను. పదునారవ పిలుపునకు ఆరు చీటులును గది చేతనుండును. వంతు తప్పి అందించువాని వలన ఏమి జరుగునో కూడ చూడుడు.

నీరుగంటి లేక వంతులు వేయుట

బావులు వరుసగా నున్నప్పుడు పట్టిక సులభము. చెల్లాచెదరుగ నున్న వందల యంత్రములకు అత్యల్ప సంఖ్యగల గడుల చుట్టును కనుగొనుట మిక్కిలి కష్టమైన గణితసమస్య యని 1990లో ఎఫ్రెమిడీస్, ట్రూయాంగ్ అను పండితులు చూపిరి. పెద్ద వలలన్నిటికిని త్వరితముగ అత్యుత్తమ పట్టికను తేల్చు పద్ధతి నేటివరకు ఎవ్వరును కనుగొనలేదు.

కాని అత్యుత్తమము దొరకలేదని ఊరకుండ నక్కరలేదు, సరిపడునది చాలును. క్రొత్తగ వచ్చిన యంత్రము ముందుగా ఒకటి రెండు చుట్టులు మౌనముగ వినవలెను. ప్రతి యంత్రము పలుకునప్పుడు తన గడి సంఖ్యను, తన పొరుగువారి గడి సంఖ్యలను కూడ చెప్పుచుండవలెను. అప్పుడు క్రొత్తవానికి పొరుగువారి గడులే గాక పొరుగువారి పొరుగువారి గడులును తెలియును. వానిలో లేని అన్నిటికంటె చిన్న సంఖ్యను తాను గ్రహింపవలెను. రెండు అడుగుల లోపల పదిమంది యున్నచో, మొదటి పదకొండు గడులలో ఒక్కటియైనను ఎట్లును ఖాళీగ నుండును. కావున ఎవ్వరికిని చోటు లేదనుట యుండదు. ఇద్దరు క్రొత్తవారు తెలియక ఒకే గడిని పట్టినచో, నడిమివాడు ఘర్షణను గుర్తించి చెప్పును. వారు మరల ఎన్నుకొందురు. చూడుడు, వల యంతటిని ఎరిగినవాడు ఒక్కడును లేడు. అయినను పొరుగువారు సత్యము చెప్పుకొనుటచేతనే వలకంతకు వంతు ఏర్పడినది.

గడియారముల తగవు

వంతులకు కాలము ప్రాణము. అందరి గడియారములు ఒక్కటిగ నడువనిచో పట్టిక కాగితముమీదనే యుండును. ఈ చిన్న యంత్రములలోని స్ఫటికపు గడియారము పది లక్షలకు 20 పాళ్లు తప్పునని అనుకొందము. వినుటకు స్వల్పమే, కాని దినమునకు 86,400 సెకనులు గదా, దినమునకు 1.7 సెకనుల తేడా వచ్చును. గంటకు 0.07 సెకను. ఒకటి ముందునకును మరియొకటి వెనుకకును తప్పినచో ఆ రెంటి నడుమ గంటకే 0.14 సెకను. గడి నిడివి సెకనులో పదియవ వంతైనచో, ఒక్క గంటలోనే ఒకని వంతు పొరుగువాని వంతును దాటిపోవును. మన సీమ ఎండలు దీనికి తోడగును. చేతిగడియారములలో వాడు జాతి స్ఫటికము మిక్కిలి కాగినప్పుడు కొంచెము వెనుకపడును.

దీనికి రెండు నివారణోపాయములు. గంటకొకసారి గదిలోని యంత్రము గంట కొట్టినట్లు కాలవార్తను పంపును. అది చేతులు మారి చివరి బావివరకు పోవును. అందరు తమ గడియారములను దిద్దుకొందురు. రెండవది, గడికి గడికి నడుమ కొంచెము ఖాళీ కాలమును విడుతురు. మడికి మడికి నడుమ గట్టు ఎట్లో ఇదియు నట్లే. గట్టు వెడల్పైనచో నేల వ్యర్థము. సన్ననైనచో నీరు పొంగి పొరుగు మడిలో పడును.

నిద్రయొక్క లాభము

పొలమందలి యంత్రమునకు విద్యుత్తు తీగ యుండదు. చిన్న బ్యాటరీయే దాని ఆహారము. ఇట్టి రేడియోలు పలుకునప్పుడు ఎంత శక్తిని తినునో, వట్టిగ చెవి యొగ్గి యుండునప్పుడును ఇంచుమించు అంతయే తినును. ఎవరెప్పుడు పలుకుదురో తెలియనివాడు రేయింబవళ్లు మేలుకొని యుండవలెను. వంతు తెలిసినవాడు తన గడియందును, తనకు వార్త నిచ్చువాని గడియందును మేలుకొని తక్కిన కాలము నిద్రింపవచ్చును. పై ఉదాహరణమున పన్నెండు బావుల వార్తలకు 34 గడులు, అనగా 3.4 సెకనులు చాలును. గంటకు 3,600 సెకనులు. కాలవార్త వినుటకు మరికొంత చేర్చినను, యంత్రము గంటలో కొలది సెకనులే మేలుకొనును. దినములలో చచ్చు బ్యాటరీ నెలలకొలది నిలుచుటకు ఇదియే కారణము. బ్యాటరీ మార్చుటకు ఎండలో పొలమంతయు తిరుగవలసిన రైతునకు ఇది చిన్న లాభము కాదు.

మన చెంతనే జరిగిన ప్రయత్నములు

ఇవి దూరదేశముల కథలు మాత్రమే యని తలపవలదు. 2022లో శ్రీ సత్యసాయి జిల్లాగ విడివడిన మడకశిర, పెనుకొండ ప్రాంతములను ఆనుకొని, కర్ణాటకములోని తుమకూరు జిల్లా పావగడ తాలూకా కలదు. మూడువైపుల మన సీమయే చుట్టియుండుటచే అచ్చట తెలుగు మాటలాడువారు పెక్కురు. వానయు వేరుసెనగయు మనవంటివే. ఆ తాలూకాలోని చెన్నకేశవపురమున, 2000 తరువాతి మొదటి దశాబ్దమున, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థవారును స్విట్జర్లాండులోని లోసాను సాంకేతిక విద్యాపీఠమువారును కలిసి కామన్‌సెన్స్ నెట్ అను ప్రయత్నము చేసిరి. నేల తేమ మొదలైనవానిని కొలుచు చిన్న రేడియో యంత్రములను పొలముల నాటి, వాని వార్తలను చేతులు మార్చి కూర్చి, వర్షాధారపు రైతునకు ఉపయోగపడు సమాచారము నిచ్చుట వారి ఉద్దేశము. బీదరైతు అవసరములను ముందుగా విచారించి తరువాత యంత్రమును రూపొందింపవలెనని వారు పట్టుపట్టుట మెచ్చదగినది.

పశ్చిమ గోదావరి ప్రాంతపు గ్రామములలో బైర్రాజు ఫౌండేషనువారు అశ్విని అను పేర మరియొక వలను నడపిరి. గదులలో వాడుటకు ఏర్పడిన వైఫైని ఎత్తైన స్తంభములపైకెక్కించి, మైళ్లదూరపు పల్లెలను కలిపి, వైద్యసలహాలను పాఠములను అందించుట దాని పని. ఇట్టి దూరపు వైఫైకి విని పలుకు పద్ధతి సరిపడదు. ఒక స్తంభమున రెండు పల్లెలవైపు తిరిగిన రెండు ఆకాశతంతులున్నప్పుడు, ఒకటి పలుకుచుండగా ప్రక్కది వినలేదు. కాన్పూరు ఐ.ఐ.టి.లో భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు అనువారు 2005లో దీనికి టూ-పి అను వంతుల పద్ధతిని ప్రకటించిరి. స్తంభములోని తంతులన్నియు ఒకేసారి పలుకవలెను. పిమ్మట అన్నియు ఒకేసారి వినవలెను. ఒక పల్లె పలుకునప్పుడు దానితో కలిసిన పల్లెలన్నియు వినుచుండవలెను గనుక, ఊళ్లను రెండు పక్షములుగ విడదీసి, ఒకే పక్షపువారిని ఒకరితో నొకరిని కలుపకుండవలెను. మూడు పల్లెలు త్రికోణముగ కలిసినచో ఇది సాగదు. ఎందుకో విద్యార్థులు పటము గీచి తెలిసికొందురు గాక.

మనుష్యులు నోటితో నడపు వలయు కలదు. 2004 డిసెంబరు 26వ తేదీ సునామీ వచ్చినప్పుడు, హైదరాబాదునందలి జాతీయ అమెచ్యూరు రేడియో సంస్థకు చెందిన బృందమొకటి శ్రీమతి భారతీ ప్రసాద్ గారి నాయకత్వమున అండమానులోని పోర్టుబ్లెయిరున రేడియో ప్రయోగములకై విడిది చేసియుండెను. వారు ప్రయోగమును నిలిపివేసి, తమ రేడియోను ఆర్తుల వార్తలకు వినియోగించిరి. అట్టి వేళల అమెచ్యూరుల ఆచారము వంతులకు చక్కని దృష్టాంతము. ఒక కేంద్రము నిర్వాహకత్వము వహించి పేరుపేరున పిలుచును. పిలువబడినవాడు పలికి ముగించినట్లు చెప్పును. ప్రాణాపాయపు వార్తకు మాత్రము అందరికంటె ముందు త్రోవ నిత్తురు.

వంతుల లోపము, సవరణ

వంతుల పద్ధతియందును లోపము లేకపోలేదు. చెప్పదగినదేమియు లేనివాని గడి వట్టిగ పోవును. తొందర వార్త గలవాడు తన గడి వచ్చువరకు వేచియుండవలెను. దీనికై 2005లో జెడ్-మాక్ అను మధ్యేమార్గము వచ్చెను. గడి యొక్క హక్కుదారునికి మొదటి అవకాశము. ఆతడు కొంచెము సేపటిలో పలుకనిచో పొరుగువాడు విని చూచి ఆ గడిని వాడుకొనవచ్చును. రద్దీ లేనప్పుడు స్వేచ్ఛ, రద్దీ పెరిగినప్పుడు క్రమము. ఉమ్మడి బావిచెంత, ఊరికి పోయిన అన్న వంతున తమ్ముడు మోట కట్టుట ఇట్టిదే.

ఈ విషయములను గ్రంథములనుండి మరింత నేర్వగోరు పెద్ద విద్యార్థులు, మద్రాసు ఐ.ఐ.టి. ఆచార్యులు సి. శివరామమూర్తి గారు బి.ఎస్. మనోజ్ గారితో కలిసి 2004లో ప్రకటించిన అడ్‌హాక్ వలల గ్రంథమును ముందుముందు చదువవచ్చును. మన దేశమున 12 సంవత్సరములు నిండినవారు ప్రభుత్వ పరీక్షయందు కృతార్థులై అమెచ్యూరు రేడియో అనుమతిని పొందవచ్చును. ఆ పరీక్షకు కూర్చుండ దలచిన బాలబాలికలు తమ విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులతో సంప్రదింతురు గాక. రేడియో ముందు కూర్చున్నవాడు మొదట నేర్వవలసినది పలుకుట కాదు, వినుట. తన మాట చేరవలసిన దూరపువాని చెవిచెంత ఏమి వినబడుచున్నదో ఊహించి, తన వంతున క్లుప్తముగ పలికి, వంతు తీరగానే త్రోవ విడిచినచో, వరుసలో కట్టకడపటి బావి వార్తయు వేళకు గది చేరును.